మారు వడ్డన

మా తమ్ముడు ఓబులేసుకి నలభై ఒకటో ఏట ప్రాణభయం పట్టుకుంది. బుద్ధి ఉన్నవాడు ఎవడైనా ప్రాణభయం పట్టుకుంటే తిండి తగ్గిస్తాడు. మావాడు పెంచలకోన స్వామికి మొక్కుకున్నాడు.

అరవై మూడో సంవత్సరం సంగతి ఇది. శ్రావణమాసంలో, నారుమళ్ళు సిద్ధం చేస్తున్న రోజుల్లో, ఆయాసంగా ఉందంటే వాడిని వాకాడు నుంచి బస్సులో నెల్లూరు తీసుకుపోయాము. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, కాటా ఎక్కించి, నూట పన్నెండు కేజీలు అన్నాడు. అప్పుడప్పుడే కేజీలు వచ్చిన కాలం, మాకు ఆ లెక్క బుర్రకెక్కలేదు. తిరిగొచ్చాక రైసుమిల్లు గుమాస్తా చెప్పాడు, అది బస్తాన్నర వడ్ల బరువని. చెప్పి నవ్వాడు కూడా, వెధవ.

మీ నాన్న ఎట్లా పోయాడని డాక్టరు అడిగాడు. మా నాన్న నలభై మూడో ఏట మధ్యాహ్నం భోంచేసి లేచి, నీళ్ళ గాబు దగ్గర చెయ్యి కడుక్కుంటూ పడిపోయాడు. మా తాతదీ ఇంచుమించు అదే వయసు, అదే చావు. డాక్టరు అద్దాలు తీసి బల్లమీద పెట్టి, ఈయన ఇట్లాగే ఉంటే వాళ్ళ వయసు దాటడు, పాతిక కేజీలు దిగాలి, దిగినవాడు మళ్ళీ ఎక్కకుండా ఉండాలి అన్నాడు. దిగాలి అన్నంతవరకే మావాళ్ళు విన్నారు. తర్వాతి ముక్క వినే ఓపిక మా వంశంలో ఎవడికీ లేదు.

నా పేరు వెంకటశేషమ్మ. ఓబులేసు కంటే తొమ్మిదేళ్ళు పెద్దదాన్ని. పంతొమ్మిదో ఏట మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసరికి అమ్మ అప్పటికే లేదు. తమ్ముడిని పెంచింది నేను, సంగం నుంచి ఇందిరమ్మని తెచ్చి పెళ్ళి చేసింది నేను. ఆ ఇంట్లో పొలం వాడిది, పిల్లలు ఇందిరమ్మవి, పొయ్యీ గరిటె నావి. ఇందిరమ్మ కాపురానికి వచ్చి పదహారేళ్ళయినా ఆమెను వడ్డించనిచ్చింది లేదు. సన్నటి చేతులు, పలచటి పులుసు, ఎంత పెట్టాలో అడిగి పెట్టే మనిషి. అడిగి పెట్టడం హోటలువాళ్ళ పని అని నేను మొహం మీదే అనేదాన్ని.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగవాడికి అన్నం ఒక్కసారి పెట్టి విస్తరి ముందు నుంచి లేపకూడదు. మారు పెట్టాలి. ఒంటి వడ్డన ఇంటికి అరిష్టమని మా నాయనమ్మ చెప్పేది. వద్దన్నా పెట్టాలి, చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే పెట్టాలి. ఓబులేసు ఎన్నడూ చెయ్యి అడ్డం పెట్టలేదు. మొలకొలుకుల అన్నం, మామిడికాయ వేసిన చందువ చేపల పులుసు, గడ్డపెరుగు ఏది పెడితే అది తలవంచుకుని తినేవాడు. నేను వాడి వెనక నిలబడి ఆ తినడం చూసి మురిసిపోయేదాన్ని, అదే నా బతుకు కనుక.

సరే, మొక్కు సంగతి. నలభై ఒక్క రోజుల దీక్ష. పసుపు పంచె కట్టాడు, నామం పెట్టాడు, చెప్పులు విడిచాడు, మధ్యాహ్నం ఒక్కపూట ఉప్పూకారం లేని పొంగలి, రాత్రికి రెండు అరటిపళ్ళు. స్వామికి నైవేద్యం పెట్టినంతే తన విస్తట్లో పెట్టాలని నియమం, కాబట్టి నా గరిటెకి కూడా సెలవు. ఊరు ఊరంతా వాడిని చూడడానికి వచ్చింది. వాడు కూడా చూపించుకున్నాడు. అరుగు మీద కూర్చుని, వచ్చినవాడికల్లా పంచె ముడి ఎక్కడికి వచ్చిందో చూపించేవాడు. నలభై ఏళ్ళు తిన్నది నలభై రోజుల్లో కరిగిపోతుందని నమ్మేవాడికి ఏం చెప్తాం. కానీ నిజంగానే తగ్గాడు. మెడ కనబడింది, దవడలు కనబడ్డాయి. స్వామి మహిమ అన్నారు జనం. తిండి పెట్టకపోతే గాడిద కూడా చిక్కిపోతుంది, దానికి మహిమ ఎందుకో నాకు అర్థం కాలేదు.

నలభై రెండో రోజు విరమణ. పందిరి వేసి నాలుగు ఊళ్ళకి సంతర్పణ పెట్టాము. పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళం, కుండలకొద్దీ పెరుగు. మొదటి పంక్తిలో పీట మీద ఓబులేసు. నలభై ఒక్క రోజుల ఆకలి వాడి కళ్ళలో కనబడుతోంది. నేను గరిటె పట్టుకుని వచ్చి వాడి విస్తరి ముందు వంగాను.

ఆ పందిట్లో వాడికి ఎదురుగా నిలబడి మాట్లాడినవాడు ఒక్కడే, జకరయ్య. వాకాడు స్కూల్లో డ్రిల్లు మాస్టరు. కిరస్తానం పాలెం మనిషి, మావాడితో అయిదో తరగతి దాకా చదివాడు. నలభై దాటినా ఎండిన సరుగుడు కర్ర మాదిరి ఉండేవాడు, రోజూ తెల్లవారి లేచి సముద్రం దాకా నడిచి వచ్చేవాడు. అన్నానికి లేని మనిషని నాకు చిన్నచూపు. మా ఇంట్లో అతనికి మజ్జిగ ఇచ్చే గ్లాసు వేరే ఉండేది, ఆ మాట కూడా చెప్పుకోవాల్సిందే.

"బాగా తగ్గినావు ఓబులేసన్నా," అన్నాడు జకరయ్య. "రేపటికాణ్ణించి ఏంది?"

"రేపటికాణ్ణించి ఏముండాది? అయిపోయింది గదా," అన్నాడు మావాడు బూరె కొరుకుతూ.

నేను మారు పెట్టాను. ఆ పైన ఇంకో మారు పెట్టాను.

దీపావళికల్లా పోయిన బరువంతా తిరిగి వచ్చింది, తనకి తోడు ఇంకొంత తెచ్చుకుంది. తగ్గినప్పుడు చూడవచ్చిన జనం పెరిగినప్పుడు కూడా వచ్చారు, సలహాలతో. ఒకడు కాకరకాయ రసం అన్నాడు, ఒకడు ఉలవకట్టు అన్నాడు. మావాడు పేపర్లో ప్రకటన చూసి మద్రాసు నుంచి పోస్టులో ఒక రబ్బరు బెల్టు తెప్పించాడు. దాన్ని పొట్టకి బిగించుకుని పడక్కుర్చీలో పడుకుంటే కొవ్వు దానంతటదే కరుగుతుందట. అది బిగించుకుని రెండు గంటలు నిద్రపోయి లేచి, చెమట పట్టింది చూడు అక్కా అని బనీను చూపించాడు. కడుపునిండా దోసెలు తిని రబ్బరు చుట్టుకున్నవాడికి చెమట పట్టక ఏం పడుతుంది. అయినా ఇంకో రెండు దోసెలు వేశాను.

ఇప్పుడు తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది. నోటితో వాడిని తిట్టేదాన్ని, చేత్తో పెట్టేదాన్ని. ఆ రెండింటికీ లంకె ఉందని నాకు తట్టలేదు.

కార్తీకంలో కలుపు తీయిస్తున్నప్పుడు గట్టు మీద నడుస్తూ నడుస్తూ వాడు కూలబడ్డాడు. పాలేరు చిన్నపోలయ్య, ఇంకో ముగ్గురూ మంచం మీద వేసుకుని తెచ్చారు. మోసుకొచ్చిన నలుగురూ గోడకి చేరగిలబడి రొప్పుతున్నారు. వాడు మంచం మీద నోరు తెరుచుకుని పైకప్పు చూస్తున్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఇందిరమ్మ ఏడవలేదు, వాడి పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుని రాస్తూ కూర్చుంది. వాడు రెండేళ్ళు కూడా ఆగేట్టు లేడని నాకు అప్పుడు భయం వేసింది. నిజమైన భయం.

ఈసారి డాక్టరు పది రోజులు పడుకోమన్నాడు, తర్వాత మెల్లిగా నడవమన్నాడు. పదో రోజున జకరయ్య వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. మావాడు లేచి కూర్చుని, చెప్పు జకరయ్యా, ఏం మానాలో చెప్పు, ఉప్పు మానతాను, నెయ్యి మానతాను, అన్నమే మానతాను అన్నాడు. మానడం అంటే మావాడికి ఎక్కడలేని ఉత్సాహం.

ఏమీ మానవద్దన్నాడు జకరయ్య. పొద్దున్నే పెద్ద తూము దాకా నడిచి రమ్మన్నాడు. పెద్ద తూము మా ఇంటికి రెండు ఫర్లాంగులు ఉంటుంది, ముసలమ్మలు నీళ్ళ బిందెతో పోయే దూరం. అన్నం ఒకసారి పెట్టించుకుని, తిన్నాక కాసేపు ఆగి, ఇంకా ఆకలిగా ఉందేమో కడుపునే అడగమన్నాడు. ఇంతే వైద్యం. నేను తలుపు చాటున నిలబడి, దీనికోసం ఒక మాస్టరు కావాలా అనుకున్నాను.

"ఎన్నాళ్ళు?" అన్నాడు ఓబులేసు. "విరమణ ఎప్పుడు?"

"విరమణ లేదన్నా. పళ్ళు తోముకునేదానికి విరమణ పెట్టుకున్నామా?"

మావాడి మొహం చిన్నబోయింది. పందిరి లేదు, పసుపు పంచె లేదు, చూడవచ్చే జనం లేరు. కానీ గట్టు మీద చూసిన చావు ఇంకా కళ్ళలో ఉన్నట్టుంది, మర్నాడు పొద్దున లేచి కర్ర పట్టుకుని బయలుదేరాడు.

మొదటి రోజు తూము దాకా పోయి అరగంట కూర్చుని వచ్చాడు. ఆరో రోజుకి కూర్చోకుండా వచ్చాడు. పదో రోజు ఉత్సాహం పొంగి, కాలువ వంతెన దాకా పోతానంటే జకరయ్య ఒప్పుకోలేదట. ఎక్కువ నడిచినవాడికి ఊళ్ళో చెప్పుకోవాలనిపిస్తుంది, చెప్పుకున్నవాడికి మానేయాలనిపిస్తుంది అన్నాడట. ఆ ముక్క మాత్రం నాకు నచ్చింది. మా వంశాన్ని బాగానే చదివాడు అనుకున్నాను.

ఒకరోజు వంటింట్లో ఇందిరమ్మ నా పక్కన వచ్చి నిలబడింది. ఎప్పుడూ నా ఎదుట గట్టిగా మాట్లాడని మనిషి.

"వదినా, ఆయనకు ఒక్కసారే పెట్టండి. మీకు వద్దని చెప్పలేరాయన," అంది.

"మొగుడికి అన్నం కొలిచి పెట్టమనే ఆడదాన్ని నిన్నే చూస్తుండా," అన్నాను. "నా తమ్ముణ్ణి విస్తట్లోంచి ఆకలితో లేపేది నా వల్ల కాదు. నీకు చేతనైతే, నేను పోయినాక లేపుకో."

ఆమె చింతపండు పిసుకుతూ కూర్చుంది. మామిడి టెంకకు కూడా ఇంతకన్నా పౌరుషం ఉంటుందని నాలో నేను నవ్వుకున్నాను. మధ్యాహ్నం ఓబులేసు పీట మీద కూర్చుంటే మొదటి వడ్డన పెట్టాను, పప్పు వేశాను, నెయ్యి వేశాను. కాసేపటికి మారు తెచ్చాను. వాడు తలెత్తి ఒక్క క్షణం నన్ను చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. నడిచి వస్తున్నాడు గదా, ఆకలి ఎక్కువగా ఉంటుందని ఆ గరిటె ఇంకాస్త నిండుగా పెట్టాను.

నెల గడిచింది. పుష్యమాసం వచ్చింది, వెన్నులు వంగుతున్నాయి. వాడు చిక్కినట్టే అనిపించింది నాకు, పంచె కుచ్చిళ్ళు ఎక్కువయ్యాయి. నేను రెండేసి మార్లు పెడుతుంటే ఎట్లా చిక్కుతున్నాడో అంతుబట్టలేదు. ఇంకో సంగతి కూడా చూశాను. భోజనం కాగానే వాడు చెయ్యి కడుక్కోవడానికి గాబు దగ్గరికి రాకుండా, తుండు ఒళ్ళో పట్టుకుని గబగబా దొడ్లోకి పోయేవాడు. ఇంకేముంది, గడ్డివాములో ఏదో దాచుకున్నాడు, మలైకాజాలో, బెల్లం అచ్చులో, చాటుగా తింటున్నాడు అనుకున్నాను. ఊళ్ళో నడక, దొడ్లో నమలడం. ఛీ, వీడి జన్మ మారదనుకున్నాను. దొంగని పట్టినట్టు పట్టుకుని మొహం మీదే కడిగేద్దామని ఒకనాడు వాడి వెనకే చప్పుడు కాకుండా వెళ్ళాను.

వాడు గేదెదూడ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తుండు విప్పి, అందులోంచి పప్పన్నం ముద్దలు తీసి తొట్లో వేస్తున్నాడు. నేను నా చేత్తో పెట్టిన అన్నం అది. నెయ్యి ఇంకా మెరుస్తోంది.

నన్ను చూసి లేచి నిలబడబోయి, తుండు మడతల్లోని మెతుకులు కాళ్ళమీద రాల్చుకున్నాడు. నలభై ఒక్క ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పదిహేను ఎకరాల ఆసామి.

"ఎన్నాళ్ళ నించి?" అన్నాను.

"నడిచేదానికి మొదలుపెట్టినకాణ్ణించి."

"వద్దని నాతో చెప్తే పోయేదానికి ఈ దొంగపని ఎందుకురా?"

"నీకు చెప్పేదానికి నాకు నోరు రాలా అక్కా." "నువ్వు పెట్టేది మారన్నం గదా. అది వద్దంటే నిన్ను వద్దన్నట్టు ఉండాది నాకు."

పిరికివాడా అని తిట్టబోయి ఆగాను. చచ్చిపోవడానికైనా సిద్ధపడ్డాడు గానీ నన్ను వద్దనడానికి సిద్ధపడలేదు, అంత భయపెట్టి పెంచాను వాడిని. ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్ళూ. దూడ తొట్లో మూతి పెట్టి నాకుతుంటే, అక్కడే గడ్డి మీద చతికిలబడ్డాను.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. మా నాన్న పోయిన రోజు వడ్డించింది నేనే. ఆ రోజు ఆయన, చాలమ్మా, ఎందుకో ఇవాళ కడుపు బరువుగా ఉండాది అన్నాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. నేను చేతిమీదే పెట్టాను. తిట్టకుండా, కోప్పడకుండా, ఆ అన్నం విస్తట్లోకి దులుపుకుని తిన్నాడు. మొగుడు లేని కూతురు మనసు కష్టపెట్టడం ఎందుకని తిన్నాడు. లేచి గాబు దాకా వెళ్ళాడు, అంతే. ఒక్క గరిటె అన్నానికి మనిషి చావడని ఇరవై ఎనిమిదేళ్ళు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చావకపోవచ్చు. చాలన్న మాట నేను వినలేదన్నది మాత్రం నిజం.

మర్నాడు మధ్యాహ్నం ఓబులేసు పీట మీద కూర్చున్నాడు. మొదటి వడ్డన తినేశాడు. నేను గరిటె నింపుకుని వచ్చి వాడి ముందు నిలబడ్డాను. వాడి ఎడమచెయ్యి అలవాటుగా తుండు మీదికి పోయింది.

"చాలా?" అని అడిగాను.

ఆ ఇంట్లో ఆ మాట నేను అడగడం అదే మొదలు. వాడు తలెత్తి, నేను వెటకారం చేస్తున్నాననుకుని తుండు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. వాకిలి దగ్గర ఇందిరమ్మ కదలకుండా నిలబడి ఉంది.

"అడగతా ఉండాను గదరా. నోటితో చెప్పు," అన్నాను.

వాడు తుండు మీంచి చెయ్యి తీశాడు.

"చాలక్కా," అన్నాడు.

గరిటె అన్నం తీసుకెళ్ళి తిరిగి కుండలో వేశాను. గరిటె కుండ అంచుకి తగిలి శబ్దమైంది. వెనకే ఇందిరమ్మ వచ్చి, నాకు విస్తరి వేసి, ఎంత పెట్టమంటారు వదినా అని అడిగింది. నన్ను కూడా ఎవరూ అంతకుముందు అట్లా అడిగింది లేదు. ఎంతో కొంత పెట్టవమ్మా అన్నాను.

మాఘంలో కోతలయ్యాయి. నూర్పిడి ముగిసిన రోజు కళ్ళం దగ్గరే చుట్టాలకీ కూలీలకీ భోజనాలు. ఓబులేసు అప్పటికి రోజూ కాలువ వంతెన దాకా పోయి వస్తున్నాడు. ఎంత తగ్గాడో కాటా ఎక్కి చూడలేదు, ఎవరికీ పంచె చూపించలేదు. ఆ పొద్దున కూడా చుట్టాలు దిగే వేళకి ఇంట్లో లేడు, నడకకి పోయాడు. జకరయ్య వచ్చాడు. అతనికి మా ఇంటి గ్లాసుల్లోదే ఒకటి ఇచ్చాను. చుట్టాలు చూశారు, గొణిగారు. గొణగనీ అని ఊరుకున్నాను.

పంక్తిలో మా మేనమామ పద్మనాభయ్య కూర్చున్నాడు. చిల్లకూరు నుంచి ఏడాదికోసారి తిండికీ, ఎత్తిపొడుపుకీ వచ్చే మనిషి. అందరికీ మారు వడ్డిస్తూ వచ్చి, ఓబులేసుని అడిగి, వాడు చాలంటే దాటి ముందుకు పోయాను. మామ అది చూశాడు.

"ఏం శేషమ్మా," అన్నాడు పంక్తంతా వినేట్టు. "కళ్ళం నిండా ధాన్యం పెట్టుకుని తమ్ముడికి ఒంటి వడ్డనా? మీ నాన్న ఉండుంటే ఈ అరిష్టం చూసి ఏమనేవాడో."

చేతులన్నీ విస్తళ్ళలో ఆగిపోయాయి. ఓబులేసు గబుక్కున, పెట్టక్కా, పెట్టు అన్నాడు. నా పరువు కోసం. వాడి మొహం చూశాను. నా కోసం తినడానికి సిద్ధపడిన ఆ మొహం, అచ్చం మా నాన్న మొహం.

"నాన్నకి మారు పెట్టింది నేనే మామా," అన్నాను. "చాలన్నా పెట్టినాను. చెయ్యి అడ్డం పెడితే చేతిమీద పెట్టినాను. వీడికి పెట్టను."

మామకి మాత్రం ఇంకో గరిటె పెట్టాను, ఆయన చాలనలేదు కాబట్టి. ఆయన తిన్నాడు కూడా. ఓబులేసు లేచి చెయ్యి కడుక్కుని, ధాన్యం కొలిచేవాళ్ళ దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళాడు.

ఆ తర్వాత నాకు ఊళ్ళో పేరు వచ్చింది, తోడబుట్టినవాడి కడుపు మాడ్చిన మహాతల్లి అని. తండ్రిని తిండితో చంపింది, తమ్ముణ్ణి పస్తులతో చంపుతోంది అని కూడా కొందరన్నారు. అట్లా అన్నవాళ్ళలో సగం మంది గుండె పట్టుకుని పోయారు, మిగిలినవాళ్ళు కీళ్ళు పట్టుకుని నెల్లూరు ఆసుపత్రుల్లో వరసల్లో కూర్చున్నారు. ఓబులేసుకి మొన్న వైశాఖంలో అరవై నిండాయి. షష్టిపూర్తి పెద్దగా చెయ్యాలని పిల్లలు పట్టుబడితే, ఆ పొద్దున నడకకి అడ్డం రాని ముహూర్తం చూడమన్నాడు.